కరోనా ఊళ్లోనే ఉంది, మాస్కు జేబులో ఉండాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ముగిసింది అత్యవసర పరిస్థితే, వైరస్ కాదు. జరిమానాలు, నిబంధనలు పోయాక మాస్కు ఎవరిష్టం వాళ్లది అయింది. ఇష్టం అన్నాక ఎప్పుడు, ఎక్కడ, ఏ రకం, ఎలా అన్నది మనమే తేల్చుకోవాలి. ఆ లెక్కలు తేల్చుకోవడానికే ఈ పేజీ. ఇందులో చెప్పినవి చాలావరకు ఫ్లూకీ వర్తిస్తాయి.

ఎండెమిక్ అయిందంటే వైరస్ బలహీనపడిందనేగా?

కాదు. ఒక ప్రాంతంలో జబ్బు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటూ, సుమారుగా ఊహించగలిగే తీరులో వస్తూ పోతూ ఉంటే దాన్ని ఎండెమిక్ అంటారు. తీవ్రతకూ ఆ మాటకూ సంబంధం లేదు. మన్యంలో మలేరియా ఎండెమిక్కే, దాన్ని ఎవరూ చిన్న జబ్బు అనరు. దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. ఆ హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా వచ్చే ఫ్లూలలో ఒకటి. చాలామందికి అది వారం రోజుల జ్వరంతో పోతుంది, కొందరిని ఐసీయూ దాకా తీసుకెళ్తుంది.

కరోనా కూడా ఆ దారిలోనే ఉంది. టీకాల వల్ల, ఒకసారి వచ్చి తగ్గడం వల్ల మన ఒంట్లో రక్షణ పెరిగింది. ఆ రక్షణ అందరిలో ఒకేలా లేదు. చిక్కంతా అక్కడే.

ఇప్పుడు మాస్కు లేకపోతే జరిమానా ఉందా?

సాధారణంగా లేదు. తెలంగాణలో వెయ్యి రూపాయల జరిమానా 2021 ఏప్రిల్ నాటి మాట. విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులను ఇక పొడిగించనక్కర్లేదని కేంద్ర హోంశాఖ 2022 మార్చిలో రాష్ట్రాలకు రాసింది. విమానాల్లో తప్పనిసరి నిబంధన 2022 నవంబరు 16న పోయింది. అయితే ఒక ఆసుపత్రి తన వార్డుల్లోకి మాస్కుతోనే రావాలంటే, అది పాటించాల్సిందే.

అయితే రోజంతా పెట్టుకుని తిరగాలా?

అక్కర్లేదు. పొలంలో, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు, పక్కలు తెరిచి ఉన్న ఆటోలో మాస్కు వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. ఊపిరితో బయటికొచ్చిన తుంపరలు, వాటికంటే సన్నని ఏరోసాల్ కణాలు ఆరుబయట నిమిషాల్లో పలచబడిపోతాయి. మూసిన గదిలో అవే పొగలా గంటల తరబడి వేలాడతాయి. గదిలో ఎవరైనా బీడీ కాలిస్తే ఆ వాసన మీ దాకా వస్తుందా అని ఊహించుకోండి. వచ్చేట్టయితే వాళ్ల ఊపిరీ వస్తుంది.

కాబట్టి జేబులోంచి మాస్కు తీసి పెట్టుకోవాల్సిన చోట్లు ఇవి: ఆసుపత్రి ఓపీ, డయాగ్నస్టిక్ సెంటర్, సంక్రాంతి రద్దీలో రాత్రంతా ప్రయాణించే ఏసీ బస్సు, కిటికీలు బిగించిన ఏసీ ఫంక్షన్ హాలు, తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి కూర్చునే కంపార్ట్‌మెంట్లు. కాలం కూడా చూసుకోవాలి. మన దేశంలో ఫ్లూ ఏటా రెండుసార్లు ఎక్కువవుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలం చివర్లో ఇంకోసారి. కరోనాకు మాత్రం అంత కచ్చితమైన సీజన్ ఇంకా కుదరలేదు.

నాకు ఉన్నది మామూలు జలుబే. నేనెందుకు పెట్టుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. తుమ్మేవాళ్లు పెట్టుకునే మాస్కు విలువ, చుట్టూ ఉన్న పదిమంది పెట్టుకునే మాస్కుల కంటే ఎక్కువ. కణాలు నోటి దగ్గర పెద్దవిగా, తడిగా ఉన్నప్పుడు పట్టుకోవడం తేలిక. అవి ఆరి, సన్నబడి, గదంతా పరుచుకున్నాక పట్టుకోవడం కష్టం. కుళాయి కట్టేయడం వేరు, ఇల్లంతా తుడవడం వేరు.

ఇక 'మామూలు జలుబు' అన్నది లక్షణాలు చూసి తేలేది కాదు. ముక్కు కారడం, గొంతునొప్పి, ఒళ్లు నొప్పులు కరోనాలోనూ ఉంటాయి, ఫ్లూలోనూ ఉంటాయి. మీకు రెండు రోజుల పడిశం అయింది, మీ పక్క సీట్లో కీమోథెరపీ తీసుకుంటున్న మనిషికి న్యుమోనియా కావచ్చు. ఆయన మొహం మీద ఆ సంగతి రాసి ఉండదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, గర్భిణులు, అరవై దాటినవాళ్లు మన మధ్యే తిరుగుతుంటారు. ఉద్దానం లాంటి చోట డయాలసిస్ రోగికి ఇంట్లో కూర్చునే వీలు కూడా లేదు. వారానికి రెండు మూడు సార్లు, వెళ్లిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు, పదిమందితో కలిసి ఒకే హాల్లో ఉండాల్సిందే. 'భయం ఉన్నవాళ్లు పెట్టుకుంటారులే' అన్న మాట అక్కడ చెల్లదు.

గుడ్డ మాస్కు, సర్జికల్, ఎన్95లలో ఏది కొనాలి?

మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికైతే ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2. మీ జలుబు ఇతరులకు అంటకుండా కాసేపు బయటికి వెళ్లాలంటే మంచి మూడు పొరల సర్జికల్ సరిపోతుంది. గుడ్డ మాస్కు ఏమీ లేనప్పటి మాట.

ఎన్95 అమెరికా ప్రమాణం, పట్టుకోవడానికి అతి కష్టమైన 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలి. కేఎన్95 చైనా ప్రమాణం, అదీ 95 శాతమే. యూరప్ ఎఫ్‌ఎఫ్‌పీ2కి 94 శాతం. మన దగ్గర ఐఎస్ 9473 ప్రమాణంలోనూ ఎఫ్‌ఎఫ్‌పీ2 అంటే 94 శాతమే.

తేడా వడపోతలోనే ఉందనుకోవద్దు. సర్జికల్ మాస్కులోనూ మధ్య పొర మెల్ట్‌బ్లోన్ పాలీప్రొపిలీనే, అంటే సన్నని ప్లాస్టిక్ పోగుల గుడ్డే. సర్జికల్ మాస్కు లోపం బుగ్గల పక్కన ఉండే సందులు. గాలి సులువైన దారినే వెతుక్కుంటుంది కాబట్టి, సందు ఉంటే వడపోత గుడ్డ గుండా రాదు. సర్జికల్ తప్ప వేరే లేనప్పుడు దాన్ని పై అంచు కింది అంచుకు ఆనేలా పొడవునా మధ్యకు మడిచి, రెండు వైపులా చెవితాడును అంచు పక్కనే ఒక ముడి వేసి, పక్కన తెరుచుకున్న గుడ్డను లోపలికి దోపండి. సందులు చాలావరకు మూసుకుపోతాయి.

వాల్వు ఉన్న మాస్కు కొనకండి. అది మీరు పీల్చే గాలిని వడకట్టినా, వదిలే గాలిని వడకట్టకుండా బయటికి పంపుతుంది. కేంద్ర ఆరోగ్యశాఖ 2020 జులైలోనే వీటిని వద్దంది.

వైరస్ 0.1 మైక్రాన్ అంటున్నారు. మాస్కు రంధ్రాల్లోంచి దూరిపోదా?

ఫిల్టరు జల్లెడ కాదు. సన్నని పోగులు చిందరవందరగా పరుచుకున్న అడవి అది. పెద్ద కణాలు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి గాలిలో నిలకడ లేకుండా అటూ ఇటూ కదులుతూ ఏదో ఒక పోగుకు తగులుకుంటాయి. రెండింటి మధ్య ఉండే 0.3 మైక్రాన్ల పరిమాణమే అన్నిటికంటే కష్టం, అందుకే పరీక్ష అక్కడ పెట్టారు. దీనికి తోడు పోగులకు స్థిరవిద్యుత్ ఉంటుంది. దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కున్నట్టు అది కణాల్ని లాక్కుంటుంది. ఈ విద్యుదావేశం ఎక్కించే పద్ధతిని అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పీటర్ త్సాయ్ అభివృద్ధి చేశారు. పైగా వైరస్ ఒంటరిగా ఎగరదు, ఉమ్మి తుంపరల్లో అంటుకునే వస్తుంది.

నకిలీ మాస్కును గుర్తించడం ఎలా?

'ఎన్95 క్వాలిటీ', 'ఎన్95 టైపు' అని రాసి ఉంటే అక్కడే ఆగండి. మన దేశపు మాస్కు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 9473, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే కంపెనీ పేరు వస్తుంది, పెట్టె మీద పేరుతో కలవాలి. అమెరికా ఆమోదం ఉందని చెప్పే మాస్కు మీద టీసీ-84ఏ తో మొదలయ్యే నంబరు ఉంటుంది, పట్టీలు తల వెనక్కి వెళ్తాయి. చెవులకు తగిలించే తాళ్లున్న మాస్కుకు అమెరికా ఎన్95 అని రాసి ఉంటే అనుమానించాల్సిందే.

పెట్టెలో ఒకటి కత్తిరించి చూడండి. మధ్యలో తెల్లగా, పత్తి పొరలా మెత్తని ప్రత్యేక పొర కనిపించాలి. దాన్ని చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే అవి అతుక్కోవాలి. నీళ్లు పోస్తే కారకపోవడం అన్నది వీడియోల్లో చూపించే పరీక్ష, దాంతో వడపోత గురించి ఏమీ తెలియదు.

సరిగ్గా పెట్టుకునే పద్ధతి?

చేతులు కడుక్కోండి. మాస్కును అరచేతిలో పెట్టి, ముక్కు పట్టీ పైకి వచ్చేలా గడ్డం కింద నుంచి మొహానికి ఆనించండి. కింది పట్టీ మెడ వెనక చెవుల కింద, పై పట్టీ నడినెత్తి వెనక చెవుల పైన వేయాలి. రెండూ ఒకదాన్నొకటి దాటకూడదు. జడ, కొప్పు ఉన్నవాళ్లు మాస్కు అంచుకూ చర్మానికీ మధ్య వెంట్రుకలు ఇరుక్కోకుండా చూసుకోవాలి.

తర్వాత ముక్కు పట్టీ. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, ఒక చేత్తో గిల్లినట్టు నొక్కేస్తారు. అప్పుడు పట్టీ మధ్యలో కోణంలా మడతపడి పక్కన సందు మిగులుతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి బుగ్గల వైపు జరుపుతూ నొక్కాలి.

చివర్లో పరీక్ష. రెండు అరచేతులూ మాస్కు మీద తేలిగ్గా కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్లలోకో బుగ్గల మీదికో గాలి తగిలితే కారుతున్నట్టు. తర్వాత గట్టిగా పీల్చండి, మాస్కు కొద్దిగా లోపలికి అణగాలి. పది సెకన్ల పని ఇది, ఇది చేయకపోతే ఖరీదైన మాస్కు కూడా సర్జికల్ లాంటిదే. సర్జికల్ మాస్కుకైతే రంగు వైపు బయటికి, మడతలు కిందికి తెరుచుకునేలా ఉండాలి.

కళ్లజోడు మీద ఆవిరి పడుతోంది.

ముక్కు దగ్గర సందుంది. పట్టీని మళ్లీ నొక్కి, జోడును మాస్కు అంచు మీద పెట్టుకోండి. అప్పటికీ తగ్గకపోతే ఆ ఆకారం మీ ముక్కుకు నప్పదు, వేరే రకం చూడండి.

గడ్డం, ముక్కుపుడక?

ముక్కుపుడక మాస్కు లోపలే ఉంటుంది, ఇబ్బంది లేదు. గడ్డం మాత్రం అడ్డే. రెండు రోజుల గరుకు గడ్డం కూడా అంచును ఎత్తి పెడుతుంది. దీక్షలో ఉన్నవాళ్లు గడ్డం తీయలేరు కాబట్టి వాళ్లు మాస్కు మీద పూర్తిగా ఆధారపడకుండా కిటికీ పక్కన చోటు చూసుకోవాలి.

ఎన్95ను ఉతకొచ్చా? ఎన్నాళ్లు వాడొచ్చు?

ఉతకకూడదు, శానిటైజర్ కొట్టకూడదు, కుక్కర్లో ఉడికించకూడదు. సబ్బు, ఆల్కహాలు ఆ స్థిరవిద్యుత్‌ను పోగొడతాయి. చూడ్డానికి మాస్కు కొత్తగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఉతికి వాడాలంటే గుడ్డ మాస్కులే.

తీసిన మాస్కును కాగితం కవర్లో పెట్టి గాలి ఆడేచోట ఆరనివ్వండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమట ఆరక వాసన పడుతుంది. నాలుగైదు మాస్కులుంటే కవర్ల మీద వారాల పేర్లు రాసి వంతుల వారీగా వాడుకోవచ్చు. ఎన్నాళ్లన్న దానికి, కొరత రోజుల్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆరోగ్య సిబ్బందికి సుమారు ఐదుసార్లు తొడగడం వరకే అని చెప్పింది. కారణం పట్టీలు వదులై అంచు బిగుతు తప్పడం. రోజుకు అరగంట వాడేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ రావచ్చు. పట్టీ సాగినా, ముక్కు తీగ విరిగినా, తడిసినా, మరక పడినా, ఊపిరి బరువుగా అనిపించినా పారేయండి.

మే నెల విజయవాడ ఎండలో గంటలో తడిసిపోతుంది. అలాంటి రోజు సంచిలో రెండోది ఉంచుకోవాలి, తడి మాస్కును ఎండలో ఆరేసి అరగంటలో మళ్లీ తొడగడం కాదు.

మాస్కు వల్ల ఆక్సిజన్ తగ్గుతుందా?

ఆరోగ్యవంతులకు తగ్గదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అణువులు పోగుల మధ్య నుంచి సులువుగా వెళ్లిపోతాయి. ఊపిరి తీయడానికి కాస్త ఎక్కువ బలం పడుతుంది, ఉక్కపోస్తుంది, అంతే. తీవ్రమైన ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లు డాక్టరును అడిగి, ముందు ఇంట్లో పది నిమిషాలు పెట్టుకుని చూడాలి. మాస్కుతో పరుగు, జిమ్ము వద్దు.

పిల్లలకు?

ఐదేళ్లలోపు వాళ్లకు వద్దు, మన ఆరోగ్యశాఖ చెప్పింది కూడా అదే. ఆరు నుంచి పదకొండేళ్ల మధ్య పిల్లలు తమంతట పెట్టుకుని తీయగలిగితే, పెద్దవాళ్లు చూస్తుంటే పెట్టొచ్చు. పెద్దల ఎన్95 పిల్లలకు బిగించడం దండగ.

పిల్లల విషయంలో మాస్కు కంటే ముఖ్యమైనది జ్వరం వచ్చిన రోజు బడికి పంపకపోవడం. నూరు శాతం హాజరుకు బహుమతులిచ్చే బడులు ఆ పద్ధతి మానుకుంటే మేలు. ఆ బహుమతి కోసం దగ్గుతూ వచ్చిన ఒక్క పిల్లాడు చాలు, సగం తరగతి మంచమెక్కడానికి.

నిజంగా పనిచేస్తుందా? పనిచేయదని అధ్యయనాలు వచ్చాయి కదా?

పరికరం పనిచేస్తుందా అన్నది ఒక ప్రశ్న, జనానికి పెట్టుకోమని చెబితే ఏమవుతుంది అన్నది వేరే ప్రశ్న. గొడవంతా ఈ రెండూ కలిపేయడం వల్లే.

బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో, సుమారు 3.4 లక్షల మందితో పెద్ద ప్రయోగం జరిగింది. ఉచితంగా మాస్కులిచ్చి, వెంటపడి చెప్పినా వాడకం 13 శాతం నుంచి 42 శాతానికే పెరిగింది. అంతమాత్రానికే లక్షణాలతో కూడిన ఇన్‌ఫెక్షన్లు పదోవంతుకు కాస్త తక్కువగా తగ్గాయి. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో అరవై దాటినవాళ్లలో తగ్గుదల సుమారు 35 శాతం. డెన్మార్క్‌లో ఆరువేల మందితో చేసిన దానిలో మాస్కు వాళ్లకు 1.8 శాతం, మిగతావాళ్లకు 2.1 శాతం ఇన్‌ఫెక్షన్ వచ్చింది, ఆ తేడా గణాంకాల లెక్కలో నిలబడలేదు. పైగా అది పెట్టుకున్నవాళ్లకు రక్షణ ఎంతో చూసింది గానీ, ఇతరులకు ఎంతో చూడలేదు. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 సమీక్షను పట్టుకుని 'మాస్కులు దండగ' అని చాలామంది ప్రచారం చేశారు. అలా అర్థం చేసుకోవడం తప్పని కాక్రేన్ ప్రధాన సంపాదకురాలే వివరణ ఇచ్చారు.

మా అభిప్రాయం సూటిగా: బిగుతైన మాస్కు సరైన చోట రక్షిస్తుంది. గడ్డం కింద వేలాడే మాస్కు ఎవరినీ రక్షించదు.

ఏసీ గదిలో గాలి మారుతూనే ఉంటుందిగా?

మారదు. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఉండే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ అదే గదిలోకి వదులుతుంది, బయటి గాలిని తీసుకోదు. చల్లగా ఉంది కాబట్టి గాలి తాజాగా ఉందనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు.

కొలవాలంటే కార్బన్ డయాక్సైడ్ మీటరు పనికొస్తుంది. బయట సుమారు 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 420) ఉంటుంది. గదిలో 800 లోపు ఉంటే మంచిది, 1500 దాటిందంటే ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు బాగా పీలుస్తున్నట్టే. మీటరు లేకపోయినా ఎదురెదురు కిటికీలు రెండంగుళాలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. ఎగ్జాస్ట్ వేసి తలుపులన్నీ బిగిస్తే లోపలికి వచ్చే దారి లేక ఫ్యాను ఊరికే తిరుగుతుంది. కారులో గాలి లోపలే తిరిగే బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టుకోండి.

ఇంట్లో ఒకరికి వచ్చింది. మిగతావాళ్లం ఏం చేయాలి?

విడిగా గది ఉంటే తలుపు మూసి, బయటి వైపు కిటికీ తెరిచి, తలుపు కింద సందులో తువ్వాలు పెట్టండి. టేబుల్ ఫ్యానును కిటికీకి దగ్గరగా, బయటి వైపు తిప్పి పెడితే గది గాలి బయటికి పోతుంది. భోజనం గుమ్మం దగ్గర పెట్టాలి. లోపలికి వెళ్లాల్సిన మనిషి ఒక్కరే ఉండాలి, ఎన్95 గుమ్మం బయటే తొడుక్కుని, బయటికొచ్చాకే తీయాలి.

ఒకే గది ఉన్న ఇల్లయితే పడక మార్చండి. గాలి ముందు మిగతావాళ్ల మీదుగా, తర్వాత రోగి మీదుగా, అక్కడి నుంచి కిటికీ బయటికి పోవాలి.

పల్స్ ఆక్సీమీటరు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. గోళ్లరంగు ఉన్నా, వేళ్లు చల్లగా ఉన్నా తప్పు చూపిస్తుంది. 94 కంటే తగ్గితే, లేదా ఆయాసం వస్తే డాక్టరును చూడాలి, 90 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. ఆవిరి పడితే ముక్కు తేలికవుతుంది, కషాయం తాగితే గొంతుకు హాయి, రెండూ వ్యాప్తిని ఆపవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మందు, వైరస్‌ను ఏమీ చేయదు.

ముప్పు ఎక్కువున్నవాళ్లు మాత్రం మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి. ఫ్లూకి ఒసెల్టామివిర్ 48 గంటల్లో, కరోనాకు నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ ఐదు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. ఈ రెండోది కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్‌తో, కొన్ని కొలెస్ట్రాల్ మందులతో ప్రమాదకరంగా కలుస్తుంది. వాడుతున్న మందుల చీటీ తప్పకుండా చూపించండి.

ఎన్ని రోజులు బయటికి వెళ్లకూడదు?

లక్షణాలు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ అంటించగలం, చాలామందిలో ఆ తర్వాత వారం పైన కూడా. ఆచరణకు వీలైన లెక్క ఇది: పారాసిటమాల్ లేకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టేదాకా ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత మరో ఐదు రోజులు నలుగురిలోకి వెళ్తే మాస్కుతో వెళ్లాలి. 2024 మార్చి నుంచి అమెరికా సీడీసీ చెబుతున్నదీ ఇదే.

ఇంటి దగ్గర కిట్‌తో మొదటి రోజే నెగెటివ్ వచ్చిందని పెళ్లికి బయల్దేరొద్దు, 48 గంటలాగి మళ్లీ చేయండి. ఫలితాన్ని కిట్ కాగితంలో రాసిన సమయానికే చూడాలి, గంట తర్వాత కనిపించే సన్నగీత లెక్కలోకి రాదు.

దగ్గుగా ఉంది, బాలింతను చూడ్డానికి వెళ్లకపోతే ఏమనుకుంటారో?

ఫోన్ చేసి, 'ఒంట్లో బాగోలేదు, తగ్గాక వస్తా' అనండి. నెల నిండని బిడ్డకు మీ జలుబు ఊపిరితిత్తుల దాకా వెళ్లొచ్చు. మాస్కు పెట్టుకుని వెళ్లడం దీనికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే అక్కడ కాఫీ ఇస్తారు, మీరు మాస్కు తీస్తారు. ఆసుపత్రిలో పలకరింపులకూ ఇదే వర్తిస్తుంది. బిడ్డ తల్లిదండ్రులు కూడా మొహమాటం లేకుండా ముందే చెప్పేయొచ్చు.

సెలవు దొరకని పని. ఇంట్లో ఎలా కూర్చోను?

వ్యక్తిగత బాధ్యత అన్న మాట తేలిగ్గా వాడే వాళ్లకు వేయాల్సిన ప్రశ్న ఇది. రోజుకూలీ, కర్రీ పాయింట్‌లో పనిచేసే మనిషి, ఇళ్లలో పనిచేసే ఆమె ఒక రోజు మానితే ఆ రోజు డబ్బు లేదు. జ్వరంతో వచ్చినందుకు వాళ్లను తప్పుపట్టే ముందు, మానిన రోజుకు జీతం కోయనివాళ్లెంతమందో చూడాలి. యజమానులు చేయగలిగేది చిన్నదే: జ్వరానికి రెండు మూడు రోజుల జీతం కోయకపోవడం, కౌంటరు దగ్గర ఒక మాస్కుల పెట్టె, తెరుచుకునే కిటికీ. రాక తప్పని మనిషికి వంట దగ్గర కాకుండా గోడౌన్‌లోనో, ఆరుబయటో పని అప్పగించొచ్చు.

పెట్టుకుంటే జనం వింతగా చూస్తున్నారు.

చూడనివ్వండి. 'జలుబుగా ఉంది' అంటే చాలు, ఎదుటివాళ్లే ఒక అడుగు వెనక్కి జరుగుతారు.

వాడిన మాస్కులు ఎక్కడ పారేయాలి?

కాగితం కవర్లో చుట్టి 72 గంటలు పక్కన పెట్టండి. తర్వాత పట్టీలు, గుడ్డ కత్తిరించి పొడిచెత్త డబ్బాలో వేయండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇళ్లకు చెప్పిన పద్ధతి ఇదే. కత్తిరించకపోతే ఎవరో ఏరి మళ్లీ అమ్మే ప్రమాదం ఉంది, పట్టీలు పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి. తడిచెత్తలో, మరుగుదొడ్డిలో వేయొద్దు. పాలీప్రొపిలీన్ నీళ్లలో కరగదు, పైపులో ఉండిపోతుంది.